కాగితం మీదికి రాని గుండెదడ

12 జూన్ 2018, మంగళవారం. సూరత్, ఉధ్నా దగ్గర మా ట్రస్టు ఆసుపత్రి. క్యాజువాలిటీని ఆనుకుని ఉన్న ఈసీజీ గది.

ఉన్నవారు: ఫిజీషియన్ డాక్టర్ మేఘాబెన్. స్టాఫ్ నర్సు కల్పన. ఈసీజీ టెక్నీషియన్‌గా నేను. పేషెంటు మల్లేశం, మరమగ్గాల కార్మికుడు. అతని అన్న రాజేశం.

చదువుకునే రోజుల నుంచీ నాకు డైరీ రాసే అలవాటు ఉంది. ముఖ్యమైన రోజు అనిపిస్తే ముందు అక్కడ ఎవరెవరు ఉన్నారో రాసుకుంటాను, తర్వాత జరిగింది రాస్తాను. ఆ మంగళవారం పేజీలో పేర్లు మాత్రమే ఉన్నాయి. కింద అంతా ఖాళీ. రిటైరై ఇంట్లో కూర్చున్నాక, ఇన్నాళ్లకి ఆ ఖాళీ నింపుతున్నాను.

మా నాన్నగారు రైల్వే ఉద్యోగం మీద గోదావరి జిల్లా నుంచి సూరత్ వచ్చారు. నేను ఇక్కడే పెరిగి, ఇక్కడే ఈసీజీ పని నేర్చుకుని, అదే గదిలో ఉద్యోగం ముగించాను. ఆసుపత్రిలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కావడంతో బమ్రోలి, పాండేసరా వైపు నుంచి వచ్చే మన మగ్గం కార్మికులకు దుబాసీ పని కూడా నాదే అయింది. వాళ్లది జగిత్యాల, సిరిసిల్ల తెలుగు. నాది టీవీలో వార్తలు చదివినట్టుంటుందని వెక్కిరించేవాళ్లు. నేను మాట్లాడుతుంటే వెనక నుంచి ఎవరో ఒకరు "ఇంతటితో వార్తలు సమాప్తం" అనేవాడు.

మా పని గురించి కొంచెం చెప్పాలి. గుండె కొట్టుకున్న ప్రతిసారీ అందులో సన్నని విద్యుత్తు పుడుతుంది. ఛాతీ మీద, కాళ్లూ చేతుల మీద ఎలక్ట్రోడ్లు పెడితే ఆ విద్యుత్తును యంత్రం పట్టుకుని గళ్ల కాగితం మీద గీతలుగా గీస్తుంది. అదే ఈసీజీ. గుండె లయ తప్పితే గీత తప్పుతుంది. ఎలా తప్పిందో చూస్తే ఏ మందు ఇవ్వాలో, ఏది ఇవ్వకూడదో తెలుస్తుంది. అయితే ఒక చిక్కు ఉంది. యంత్రం పెట్టిన ఆ కొన్ని క్షణాల్లో గుండె ఏం చేస్తోందో అది చెబుతుంది, అంతే. గంట కిందట ఏం చేసిందో దానికి తెలియదు. కొన్ని గుండెదడలు స్విచ్ వేసినట్టు మొదలై స్విచ్ తీసినట్టు ఆగిపోతాయి. దడ ఉండగా పేషెంటు నా బల్ల మీద పడుకుంటేనే జబ్బుకి పేరు దొరుకుతుంది. లేకపోతే అతని మాట తప్ప ఇంకేమీ మిగలదు.

మల్లేశానికి అతని మాట తప్ప ఏమీ మిగలలేదు.

రెండేళ్లుగా నాకు తెలుసు అతను. ముప్ఫై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. బమ్రోలిలో ఒక ఖాతాలో పని చేసేవాడు. మగ్గాల షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు, మగ్గాన్ని మనవాళ్లు సాంచా అంటారు. ఒక్కొక్కరు ఒకేసారి చాలా సాంచాలు చూసుకోవాలి. ఒకడు కూర్చుండిపోతే అతని సాంచాలు పక్కవాడి నెత్తిన పడతాయి. మల్లేశం నెలకో రెండు నెలలకో ఒకసారి అలా కూర్చుండిపోయేవాడు. మొదటిసారి వచ్చినప్పుడు ఏమైందని అడిగితే ఇలా చెప్పాడు.

"గుండెల సాంచా నడుస్తది సారు. ఎవరు చాలు చేస్తరో తెల్వది, ఎవరు బంద్ చేస్తరో తెల్వది. నడిచినంతసేపు కండ్లకు చీకట్లొస్తయి."

ఇంత స్పష్టంగా చెప్పిన పేషెంటు నాకు తక్కువ. కానీ ఈసీజీ తీస్తే సైనస్ రిథమ్, అంటే గుండె తన మామూలు లయలో కొట్టుకోవడం. వేగం మామూలు, గీతలన్నీ పుస్తకంలో బొమ్మల్లా ఉన్నాయి. తర్వాత వచ్చినప్పుడూ అదే, ఆ తర్వాతా అదే. డ్యూటీలో ఉన్న డాక్టర్లు గ్యాస్ అన్నారు, నిద్ర లేక అన్నారు, నోట్లో వేసుకునే పొగాకు మావా మానెయ్యమన్నారు. మేఘాబెన్ మాత్రం హోల్టర్ పెట్టించారు. అది నడుముకు కట్టుకునే చిన్న పెట్టె, ఒక రోజంతా గుండె గీతను నమోదు చేస్తుంది. ఆ రోజు మల్లేశం గుండె ఒక్క తప్పు కూడా చేయలేదు.

అతనితో ఎప్పుడూ భార్య పద్మ వచ్చేది. ఇద్దరూ శుభ్రంగా, పెళ్లికి వచ్చినట్టు వచ్చేవాళ్లు. డాక్టరు ఏం చెబితే దానికి ఆమె బుద్ధిగా తల ఊపేది. గ్యాస్ అంటే ఊపేది, నిద్ర అంటే ఊపేది. బయటికి వచ్చాక నన్ను అడిగేది, "కాగితంల రాలేదా సారు?" అని. రాలేదమ్మా అనేవాణ్ణి. ఆమె మొగుడి వంక చూసేది కాదు, చూస్తే అతను నొచ్చుకుంటాడని.

అప్పుడప్పుడు అన్న రాజేశం కూడా వచ్చేవాడు. తమ్ముణ్ణి సూరత్ తెచ్చింది, ఖాతా యజమాని సేఠ్ దగ్గర పూచీపడి పనిలో పెట్టించింది అతనే. తమ్ముడు కూర్చుండిపోయిన ప్రతిసారీ సేఠ్ పిలిచి అడిగేది అతన్నే. చెడ్డవాడు కాదు, కానీ మనిషికి నోరు ఎక్కువ. ఒకసారి నా గదిలోనే అన్నాడు.

"గేటు సూడంగనే బాగైతది వీనికి. లోపలిదాక ఎందుకు సారు, బయటనే గేటుకు దండం పెట్టుకోని తిరిగొస్తే సాలదా? నా తమ్మునికి డాక్టర్ కన్న వాచ్‌మెన్ చెయ్యి మంచిది."

అక్కడున్న కార్మికులు నవ్వారు. మల్లేశం కూడా నవ్వాడు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ నాతో మాత్రం మెల్లగా అన్నాడు, "ఒక్కసారి కాగితంల రావాలె సారు. ఒక్కసారి వస్తే సాలు, తర్వాత ఏమైనా మంచిదే." ఖాతాలో అతనికి దొంగగుండె అని పేరు పెట్టారట. అది నాకు తర్వాత తెలిసింది.

ఆ మంగళవారం మధ్యాహ్నం రాజేశం, ఇంకో కార్మికుడు కలిసి అతన్ని ఆటోలోంచి దించారు. నేను ముందు గుర్తుపట్టలేదు. బనీను మీద ఉన్నాడు. ఒంటి నిండా దారపు నూగు, ముంజేతుల మీద ఆయిల్ మరకలు, చెమటకు నూగంతా అట్టకట్టింది. మల్లేశాన్ని అలా ఎన్నడూ చూడలేదు. పెదవులు నల్లబడ్డాయి. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

కల్పన సిస్టర్ దూదితో ఛాతీ తుడిచింది, నేను ఎలక్ట్రోడ్లు అంటించాను. కాగితం బయటికి రావడం మొదలైంది.

మామూలుగా దడ వస్తే గీతలు దగ్గరదగ్గరగా ఉన్నా వరుస తప్పవు, దువ్వెన పళ్లలా ఉంటాయి. ఇది అలా లేదు. చాలా వేగం, గీతలు వెడల్పు, ఏ రెండింటి మధ్యా దూరం ఒకటిగా లేదు. నేను నోరు తెరిచేలోపే మేఘాబెన్ కాగితం చింపి చూశారు. గుండెలో పై గదుల నుంచి కింది గదులకు విద్యుత్తు దిగడానికి ఒకే దారి ఉండాలి, ఆ దారిలో ఒక కాపలా ఉంటుంది, అవసరానికి మించి దిగనివ్వదు. కొందరికి పుట్టుకతోనే పక్కన ఇంకో దారి ఉంటుంది. దానికి కాపలా లేదు. అది చాలాకాలం ముడుచుకుని ఉండి, మామూలు ఈసీజీలో కనబడకుండా కూడా ఉండొచ్చు. పై గదులు అదుపు తప్పి అల్లల్లాడిన రోజున ఆ అల్లకల్లోలమంతా ఆ పక్కదారిన కిందికి దూకుతుంది. ఆ స్థితిలో, దడకు మామూలుగా ఇచ్చే ఇంజెక్షన్లు ఇవ్వకూడదు. అవి కాపలా ఉన్న దారిని మూసి, కాపలా లేని దారిని వదిలేస్తాయి. బీపీ పడిపోతుంటే షాకే మందు. మేఘాబెన్ డీఫిబ్రిలేటర్ తెమ్మన్నారు. ఛాతీ మీద విద్యుత్ షాక్ ఇచ్చి గుండెను మళ్లీ లయలో పెట్టే యంత్రం అది.

సిస్టర్ ప్యాడ్లు అమరుస్తుండగా మల్లేశం కళ్లు తెరిచాడు. నా చేతిలోని కాగితం చూశాడు.

"వచ్చిందా సారు?"

"వచ్చింది మల్లేశం. స్పష్టంగా వచ్చింది."

అతను తల తిప్పి కాళ్ల దగ్గర నిలబడ్డ రాజేశాన్ని వెతుక్కున్నాడు.

"అన్నా, వచ్చిందట."

రాజేశం ఏదో అనబోయాడు. ఆలోపే మానిటర్ మీది గీత చెదిరి వణుకుగా మారింది. దాన్ని వీఎఫ్ అంటాం. గుండె కొట్టుకోవడం మానేసి సంచిలో పురుగుల్లా కదులుతుంది, రక్తం ముందుకు పోదు. వెంటనే షాక్ ఇచ్చారు. లయ తిరిగి వచ్చింది. ఆ కాసేపట్లో వచ్చిన గీతల్లో, ప్రతి దెబ్బ మొదట్లో ఒక చిన్న ఏటవాలు కనిపించింది. డెల్టా వేవ్ అంటారు దాన్ని. పక్కదారి ఉందని సాక్ష్యం. రెండేళ్లుగా మేము వెతికింది అదే. దాన్ని ముందే పట్టుకుని ఉంటే పెద్దాసుపత్రికి పంపి, తొడలోంచి గుండెదాకా సన్నని తీగ పంపించి ఆ దారిని కాల్చి మూయించి ఉండేవాళ్లం. చాలామంది మర్నాడే నడిచి ఇంటికి పోతారు.

గుండె అప్పటికే అలసిపోయింది. మళ్లీ వణుకు వచ్చింది. మళ్లీ షాక్, ఛాతీ మీద నొక్కుడు, మందులు. కల్పన అలసిపోతే నేను నొక్కాను, నా తర్వాత ఆమె. మేఘాబెన్ ఇక చాలని చెప్పే సమయానికి బయట ఇంకా ఎండ ఉంది.

రాజేశాన్ని కూర్చోబెట్టి నీళ్లు ఇచ్చాం. డాక్టరు పాత ఫైలు తెప్పించుకుని అతని ఎదురుగా కూర్చున్నారు. పాత ఈసీజీలన్నీ బల్ల మీద పరిచారు. ఒక్కదాంట్లోనూ దడ లేదు. ఆసుపత్రికి ఇంత దగ్గరలో ఉన్న మనిషి, దడ మొదలవగానే బయల్దేరిన మనిషి, ఒక్కసారైనా దడతో ఎందుకు రాలేదని ఆమె అడిగారు. ఖాతాలో మొదలైన దగ్గర్నుంచి ఇక్కడికి వచ్చేవరకు ఏం చేసేవాడని అడిగారు. నేను తెలుగులోకి మార్చి చెప్పాను.

ఏం చేస్తడు సారు, ముందు ఇంటికి పోతడు, అన్నాడు రాజేశం. నూగుతో, ఆయిల్‌తో ఆసుపత్రికి పోతే డాక్టర్లు దగ్గరికి రానియ్యరని పద్మకు భయం. మొగుణ్ణి బోరింగ్ దగ్గర కూర్చోబెట్టి బకెట్ల నీళ్లు కొట్టి, మొఖం ముంచి ముంచి కడిగిస్తుంది. ఉతికిన అంగీ తొడిగిస్తుంది. అప్పుడు తీసుకొస్తుంది. వాళ్లింట్లోనే కాదు, తమ వాడలో అందరూ అంతే, పెద్ద దవాఖానకు పోవాలంటే కడుక్కునే పోతారు. మొన్న చెల్లెలి కాన్పుకని పద్మ భివండి పోయింది. పొద్దుట పాలీలో, అంటే షిఫ్టులో, దడ మొదలైనప్పుడు మల్లేశం వెళ్తానన్నాడు. ఈ రోజు చూడడానికి పద్మ కూడా లేదు, ఈ ఆట ఎవరి కోసం అని రాజేశమే అన్నాడట. దాంతో మల్లేశం రంగు వెయ్యని గ్రే బట్ట తాకాల కట్టల మీద పడుకుండిపోయాడు. మధ్యాహ్నం దాకా అలాగే. పిలిస్తే పలక్కపోయేసరికి ఉన్నవాణ్ణి ఉన్నట్టే ఎత్తుకొచ్చారు.

నేను అదంతా మార్చి చెప్పాక మేఘాబెన్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత గుజరాతీలో నాతో అన్నారు, ఇతనికి చెప్పండి మూర్తిభాయ్ అని. ఆ పక్కదారి వల్లే వరుస తప్పని దడ కూడా వస్తుంది, అలాంటిదైతే మొఖాన చల్లటి నీళ్లు పడితే చాలాసార్లు ఆగిపోతుంది. మేమే ఇక్కడ బేసిన్‌లో ఐసు నీళ్లు పోసి పేషెంటు మొఖం ముంచమంటాం. మందు కన్నా ముందు చేసే వైద్యం అది. పద్మ తెలియకుండానే ప్రతిసారీ ఆ వైద్యం చేసి, దడ ఆగిపోయిన మనిషిని మా దగ్గరికి తెచ్చింది.

నేను చెప్పడం పూర్తి కాకముందే రాజేశానికి అర్థమైంది.

"అంటే, ఆమె కడిగినందుకే కాగితంల రాలేదా?"

అవునన్నాను. అతను బల్ల మీది పాత ఈసీజీలను ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూశాడు. వాచ్‌మెన్ చెయ్యి మంచిదని నేనే అన్న సారు, అన్నాడు. అందరి ముందల అన్న. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆమెకు చెప్పకున్రి సారు. కడిగినందుకే ఇట్లయిందని ఆమెకు తెల్వద్దు. నేను అన్న మాటలు నేను మోస్త. ఆమె మీద ఇది పడొద్దు."

చెప్పనని మాటిచ్చాను. నేను మార్చి చెప్పాక డాక్టరు కూడా తల ఊపారు.

ఈ కేసు తర్వాత నేను నా పనిలో ఒకటి మార్చుకున్నాను. దడతో వచ్చిన ఎవరినైనా ముందు ఒకటే అడిగేవాణ్ణి: మొదలైనప్పటి నుంచి నా బల్ల ఎక్కేదాకా ఏమేం చేశావు? నీళ్లు తాగావా, వాంతి చేసుకున్నావా, మొఖం కడుక్కున్నావా, దమ్ము బిగపట్టావా? రిటైరయ్యేదాకా అడిగాను. కొత్తగా చేరిన టెక్నీషియన్లకు కూడా అదే చెప్పాను. బమ్రోలిలో మనవాళ్ల కాలనీకి రెండుసార్లు వెళ్లి, గుండె దడ వస్తే ఉన్నవాళ్లు ఉన్నట్టే రండి, నూగుంటే మేం తుడుస్తాం అని చెప్పివచ్చాను. ఇది పనికి సంబంధించిన పాఠం. ఇంకోటి మర్నాడు పొద్దున పద్మ దగ్గర నేర్చుకున్నాను.

భివండికి ఫోన్ చేసి ఆసుపత్రిలో చేర్చామని మాత్రమే చెప్పారు. ఆమె పొద్దుటి బండికి ఉధ్నా స్టేషన్‌లో దిగింది. మల్లేశం పోయాడని రాజేశం అక్కడే చెప్పాడు. నేను డ్యూటీకి వచ్చేసరికి ఇద్దరూ నా గది బయట బెంచీ మీద ఉన్నారు. శవాన్ని ఊరికి తీసుకుపోవడానికి ఐసు పెట్టె ఉన్న బండి మాట్లాడారు, అది రావాలి. ఆమె ఏడవడం లేదు. ఏడ్చి ఆగిందో, ఇంకా మొదలు కాలేదో నాకు తెలియలేదు.

నన్ను చూసి లేచి నిలబడింది.

"ఈసారి వచ్చిందా సారు?"

"వచ్చిందమ్మా."

చూపించమంది. లోపలికి తీసుకెళ్లి కాగితం చేతికి ఇచ్చాను. కిటికీ దగ్గర నిలబడి ఒక కొస నుంచి ఇంకో కొస దాకా వేలు పెట్టి చూసింది. ఇంత గడబిడ నడిచిందా ఆయన లోపల, అంది. తర్వాత రాజేశం వైపు తిరిగింది.

"బావా, మొఖమన్న కడిగినవా తీస్కొచ్చెటప్పుడు? గా నూగుతోనే తెచ్చినవా ఇంతమంది నడుమకు?"

రాజేశం తల వంచుకున్నాడు. కడగలే, అన్నాడు.

"జర మొఖమన్న కడగకపోతివి," అంది ఆమె. కోపంగా కాదు. తర్వాత నాతో, ఏమనుకోకున్రి సారు, నేనుంటే గట్ల తీస్కరాకపోదును, అంది. మొగుడు చచ్చిన మర్నాడు ఆమె నాకు క్షమాపణ చెబుతోంది, మొగుణ్ణి మాసిన ఒంటితో తెచ్చినందుకు.

నాకు అది భరించరానిదిగా తోచింది. రాజేశానికి ఇచ్చిన మాట తప్పకుండానే ఆమెకు ఊరటనిచ్చే సగం నిజం ఒకటి ఉందనుకున్నాను. అది చెప్పాను. "అమ్మా, నువ్వు తప్పు చేశానని ఎప్పుడూ అనుకోకు. నువ్వు మొఖం కడిగిన ప్రతిసారీ అతని దడ ఆగింది. అది వైద్యమే. డాక్టర్లు చేసేదీ అదే."

రాజేశం చటుక్కున తలెత్తి నన్ను చూశాడు. పద్మ ఆ మాటను కాసేపు లోపల తిప్పుకుంది. నేను అనుకున్న వైపు తిప్పుకోలేదు.

"అయితే నిన్న నేనుంటే బతుకుతుండె."

లేదమ్మా అన్నాను. నిన్నటిది వేరే రకం దడ, అది నీళ్లకు ఆగేది కాదు, మునుపు వచ్చిందే ఆగేది, రెండూ ఒకటి కావు. గబగబా చెప్పాను. చెప్పింది నిజమే. డాక్టరు నాకు వివరంగా చెప్పిన సంగతే.

ఆమె చేతిలోని కాగితం చూసింది, తర్వాత నన్ను చూసింది.

"మునుపటిది కాగితంల లేదు గద సారు. మరి అది వేరు, ఇది వేరని మీకెట్ల ఎర్క?"

ఇరవై రకాల గీతలు నాకు తెలుసు. పక్కపక్కన పెట్టి చూపించడానికి ఆమె మొగుడి పాత దడ గీత ఒక్కటి కూడా నా దగ్గర లేదు. డాక్టరమ్మ చెప్పారమ్మా, అన్నాను.

బయట బండి వచ్చి హారన్ కొట్టింది. రాజేశం లేచాడు. పద్మ కాగితాన్ని నా బల్ల మీద పెట్టి, డాక్టరమ్మ చెప్పారన్న మాటకు తల ఊపింది. గ్యాస్ అని చెప్పిన రోజుల్లోనూ ఆమె అలాగే ఊపేది.